కాలి తరిణి

అందరూ దువ్వెనను తల దగ్గరికి తీసుకెళ్తారు. కరుణమ్మ తలనే దువ్వెన దగ్గరికి తెచ్చుకుంటుంది. కుడి మోచేతిని గోడకు ఆనించి, దువ్వెన కదలకుండా పట్టుకుని, మెడ వంచి జుట్టును దాని మీదుగా లాక్కుంటుంది. ఆ చెయ్యి భుజం కంటే పైకి లేవక రెండేళ్ళు దాటింది. ఆదివారం పూట గుడి గంట మోగుతుంటే మొగుడు ఏసుపాదం వాకిట్లోంచి కేకేస్తాడు: "తల దువ్వుకోడానికి అంతసేపేటే? అవతల పాటలెత్తుకున్నారు." అందులో కోపం ఉండదు. అంతసేపు ఎందుకవుతుందో అతనికి నిజంగానే తెలియదు. పదకొండేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని పనిచేస్తున్న మనిషికి ఎదుటి మనిషి భుజం సంగతి తెలియకుండా ఎలా ఉంటుందని ఎవరైనా అడగొచ్చు. ఉంటుంది. అతను చూసేది ఆమెను కాదు, ఇద్దరి మధ్యా తిరిగే కర్రను.

ఏసుపాదం తరిణి పట్టేవాడు. చోడవరంలో మంచం కోళ్ళు కావాలన్నా, ఉయ్యాల గుబ్బలు కావాలన్నా, కవ్వాలూ బొంగరాలూ కావాలన్నా అతని ఇంటికే వస్తారు. తరిణి అంటే పెద్ద యంత్రమేమీ కాదు. నేలలో పాతిన రెండు కొయ్యల మధ్య ఇనప మొనలకు కర్రముక్కను బిగించి, దానికి తాడు రెండు చుట్లు చుడతారు. ఒకరు కూర్చుని ఆ తాడు కొసలను అటూ ఇటూ లాగుతుంటే కర్ర గిర్రున తిరుగుతుంది. ఎదుట కూర్చున్నవారు ఉలి ఆనించి దాన్ని చెక్కుతారు. ఉలి ఏసుపాదానిది, తాడు కరుణమ్మది. చెక్కిన కోడు మాత్రం ఏసుపాదానిదే. "మీ కోడలు ఏం చేస్తూ ఉంటుందమ్మా?" అని పాస్టరమ్మగారు ఓసారి అడిగితే, అత్త అచ్చియ్యమ్మ "ఏం సేస్తాదండీ, ఇంట్లోనే ఉంటాది" అంది. ఇంట్లోనే ఉండే ఆ మనిషి పొద్దున్నే నీళ్ళు తెచ్చి, గంజి కాచి, ఎండెక్కేదాకా తాడు లాగి, మొగుడు కాస్త నడుం వాల్చినప్పుడు చెక్కపొట్టు ఎత్తి, ఆ పొట్టుతోనే పొయ్యి రాజేసి, వండి వడ్డించి, మళ్ళీ వచ్చి తాడు దగ్గర కూర్చుంటుంది. ఇదంతా ఉండటం కిందికే వస్తుంది గాని చెయ్యడం కిందికి రాదు.

నొప్పి సంగతి ఆమె చెప్పకపోలేదు. మొదటిసారి చెప్పినప్పుడు ఏసుపాదం, "కూకుని తాడు లాగడానికే నొప్పైతే, ఎండలో సెరకు కొట్టేవోళ్ళు ఏమైపోవాలే?" అన్నాడు. రెండోసారి చెప్పినప్పుడు ఆవనూనె రాసుకోమన్నాడు. మూడోసారి ఆమే చెప్పలేదు. అత్తకు చెబితే, "నేను ముప్పై ఏళ్ళు లాగేను. నా సెయ్యి ఊడి కింద పడిందేటి?" అంది. ఊడి పడలేదు, నిజమే. కాని అన్నం తినేటప్పుడు అచ్చియ్యమ్మ కుడి మోచేతి కింద ఎడమ అరచెయ్యి పెట్టుకుని ముద్దను నోటిదాకా ఎత్తుకుంటుంది. పెళ్ళైన కొత్తలో కరుణమ్మ అది ముసలావిడ అలవాటు కాబోలనుకుంది. ఇప్పుడు అత్త ఎదురుగా కూర్చుని తినడం ఆమెకు కష్టంగా ఉంటుంది. ఇంకో పదిహేనేళ్ళకి తన చెయ్యి ఎలా ఉంటుందో ముందే చూసుకుంటున్నట్టుంటుంది.

అలా ఉండగా విశాఖపట్నం నుంచి శ్యామ్ సుందర్ అనే ఆయన వచ్చాడు. హార్బరు దగ్గర ఆయనకు గేలాలు, చేపలు పట్టే కర్రలు అమ్మే కొట్టుంది. నేవీ ఆఫీసర్లు, ఇంకా ఊరొదిలి వెళ్ళని ఒకరిద్దరు దొరలు ఆయన బేరగాళ్ళు. ఇంగ్లండు నుంచి వచ్చే సరుకు ఆగిపోయిందనీ, వెదురు కర్రలు ఇక్కడే చేయిస్తున్నాననీ, పట్టుకునే పిడి మాత్రం ఎవరి చేతా కుదరడం లేదనీ చెప్పాడు. సంచిలోంచి ఒక పాత కర్ర తీసి చూపించాడు. దాని పిడి కార్కుది. కార్కంటే సీసా బిరడాలు చేసే బెండే.

"తడి చేత్తో పట్టుకున్నా జారకూడదు. రోజంతా పట్టుకున్నా చెయ్యి నొప్పెట్టకూడదు. అందుకే బెండు. చెయ్యగలవా?" అని ఏసుపాదాన్ని అడిగాడు.

"సేపకర్రకి ఇంత మర్యాదేటండీ బాబూ" అని నవ్వాడు ఏసుపాదం. "టేకుని లొంగదీసినోణ్ణి. బెండెంత?"

తాడు పక్కన కూర్చున్న కరుణమ్మకు ఆ మాటల్లో ఒక్కటే చెవిన పడింది. రోజంతా పట్టుకున్నా చెయ్యి నొప్పెట్టకూడదట. సరదాకి చేపలు పట్టే దొరగారి చెయ్యి కోసం ఎక్కడో ఎవరో ఇంత ఆలోచించారు. ఆమెకు నవ్వూ వచ్చింది, ఎక్కడో మండింది కూడా.

శ్యామ్ సుందర్ ఓ గోనెసంచీడు బెండు బిళ్ళలు ఇచ్చి వెళ్ళాడు. మధ్యలో చిల్లున్న ఆ బిళ్ళలను మైనం రాసిన ఇనప చువ్వకు వరసగా ఎక్కించి, ఒకదానికొకటి బంకతో అతికించి, ఆరాక తరిణి మీద చేతికి ఇమిడేలా చెయ్యాలి. తర్వాత చువ్వ లాగేసి కర్రకు తొడగాలి. వినడానికి సులువే. ఏసుపాదం ఉలి ఆనించిన మరుక్షణం బెండు ముక్క ఊడి పొయ్యి దగ్గర పడింది. ఇంకోటి పెట్టాడు, అదీ అంతే. తాడు ఇటు లాగితే చువ్వ ఇటు తిరుగుతుంది, అటు లాగితే అటు. గట్టి కర్రైతే ఆ తిరగబడే క్షణాన్ని ఓర్చుకుంటుంది. మెత్తటి బెండు ఓర్చుకోదు, ఉలి పన్ను పీకినట్టు పీకేస్తుంది. మధ్యాహ్నానికి ఆరు పిళ్ళు పాడయ్యాయి.

"నువ్వు లాగడం సరిగ్గా నేదు. కుదుపులిస్తన్నావు" అన్నాడు ఏసుపాదం.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె లాగడాన్ని అతను ఒక పనిగా ఒప్పుకున్నాడు, అదీ తప్పు పట్టడానికి. కరుణమ్మకు మాత్రం అసలు సంగతి తెలిసిపోయింది. చువ్వ తిరగబడే క్షణం ఎప్పుడొస్తుందో ఉలి పట్టినవాడికి ఊహే. తాడు పట్టినదానికి అది చేతిలోనే ఉంటుంది. ఆ క్షణానికి వెంట్రుకవాసి ముందు ఉలి తీసెయ్యాలి. అసలు ఉలే అక్కర్లేదేమో. బెండును చెక్కకూడదు, అరగదియ్యాలి.

ఆ వారంలోనే కె.కోటపాడులో ఎవరింట్లోనో పెళ్ళికి పందిరిమంచం కోళ్ళు బిగించడానికి ఏసుపాదం రెండు రోజులు వెళ్ళాడు. మొదటి రోజు పొద్దున అంట్లు తోమి వచ్చి కరుణమ్మ తరిణి వంక చూస్తూ నిలబడింది. తాడు లాగేవాళ్ళు లేందే అది తిరగదు. చూసి చూసి మొగుడి పీట మీద కూర్చుంది. ఆ పీట మీద ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చుంటుందని ఎవరూ అనుకోలేదు, అంతే. లోపల్నించి అచ్చియ్యమ్మ వచ్చి చూసింది. తిడుతుందేమోనని కరుణమ్మ లేవబోయింది.

"కూకో" అంది అచ్చియ్యమ్మ. వచ్చి ఎదురుగా తాడు దగ్గర చతికిలబడింది. కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో ఒక కొస, కాలి బొటనవేలితో ఇంకో కొస పట్టుకుంది. "మెల్లిగా లాగుతాను. నా వల్లయినంతే."

"నొప్పెడతాది అత్తా."

"ఎట్టనియ్యి. ఎన్నాళ్ళయిందో దీనికాడ కూకుని."

కరుణమ్మ ఉలి పక్కన పెట్టి, గరుకు కాగితాన్ని పుల్లకు చుట్టి, తాడు ఇటు వచ్చినప్పుడు ఆనిస్తూ, అటు వెళ్ళబోయే ముందు తీసేస్తూ పోయింది. బెండు పొడిపొడిగా రాలింది గాని ముక్క ఊడలేదు. బొటనవేలు ఆనేచోట కొంచెం పల్లం, అరచెయ్యి ఆనేచోట కొంచెం ఎత్తు. చివర లక్క పనికి వాడే ఎండు మొగలాకు తెచ్చి నెమ్మదిగా రుద్దింది. అత్త ఆగి ఆగి లాగడంతో ఒక్క పిడికి పూటంతా పట్టింది. చువ్వ లాగేసి అత్త చేతికిచ్చింది. కుడి చేతికే ఇచ్చింది, పొరపాటున. అచ్చియ్యమ్మ ఆ చేత్తోనే పట్టుకుని, ఎడమ చెయ్యి సాయం లేకుండా కళ్ళదాకా ఎత్తింది. పిడికి బరువే లేదు మరి.

చాలాసేపు తిప్పి చూసి అంది: "నాకూ ఓ పాలి ఉలి పట్టాలనుండేదే. మీ మావని అడుగుదారనుకునేదాన్ని. ఏటంటాడోనని అడగనేదు. ఆడు పోయేక అడగడానికి మనిషి నేడు."

కరుణమ్మకు ఏడుపొచ్చింది. తన కోసమో అత్త కోసమో తేల్చుకోలేక, లేచి పొట్టు ఊడ్చింది.

ఏసుపాదం తిరిగొచ్చాక పిడిని చూసి, "బానే వచ్చిందే" అని గూట్లో పెట్టాడు. మరో నాలుగు రోజులకి శ్యామ్ సుందర్ వచ్చాడు. గూట్లోంచి పిడి తీసి, కళ్ళు మూసుకుని చేత్తో తడిమి, "అబ్బ, ఏం చెయ్యయ్యా నీది. ఇంగ్లండువాడు కూడా ఇంత నున్నగా చెయ్యడు" అన్నాడు. కరుణమ్మ గుమ్మంలో మజ్జిగ గ్లాసుతో నిలబడి మొగుడి మొహం వంక చూసింది. ఏసుపాదం తల గోక్కుని, "ఏదో తవరి దయ" అన్నాడు. ఆయన వెళ్ళాక, అడక్కుండానే, "ఎవురు సేస్తే ఏటే, మనిద్దరం వేరా?" అన్నాడు. వేరు కాకపోతే భుజం నొప్పి ఒక్కరికే ఎందుకొచ్చింది అనుకుంది కరుణమ్మ. అనుకుని, ఖాళీ గ్లాసు కడిగి బోర్లించింది.

శ్యామ్ సుందర్ ఆ రోజు వంద పిళ్ళకు ఆర్డరిచ్చాడు. తాడు తరిణి మీద అన్ని చెయ్యలేరు కాబట్టి, ఒకే వైపు తిరిగే లేతు మిషను తన పూచీ మీద ఇప్పిస్తానన్నాడు. మోటారుతో తిరిగేవీ ఉన్నాయట గాని వీళ్ళ వీధికి ఇంకా కరెంటు స్తంభాలే రాలేదు. అనకాపల్లిలో పాత ఇనప సామాన్ల కొట్టున్న గణపతిరావు దగ్గర రెండు లేతులున్నాయి. ఒకటి పెద్ద చక్రానిది, పక్కన ఒక మనిషి నిలబడి పిడి పట్టి చక్రం తిప్పుతుంటే ఇంకో మనిషి ఉలి పట్టాలి. రెండోది కాలిది, కింద పలక తొక్కితే చిన్న చక్రం తిరుగుతుంది, తొక్కేవాళ్ళే ఉలి పట్టుకోవచ్చు. మంగళవారం నేనూ అక్కడికి వస్తాను, చూసి ఒకటి ఎంచుకోండి అని చెప్పి వెళ్ళాడు.

ఏసుపాదం చూడకుండానే ఎంచేసుకున్నాడు. "సక్రం దాని మీదైతే మంచం కోళ్ళు కూడా అవుతాయి. నువ్వున్నావు కదా తిప్పడానికి. కూకోనక్కర్నేదు, నిలబడే తిప్పొచ్చు" అన్నాడు, ఏదో కానుక తెస్తున్నట్టు. అతను చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, చేపల కూర వండితే తల ముక్క ఆమెకే ఉంచుతాడు. ఆ మంచితనమే కరుణమ్మ నోరు నొక్కేది. కొట్టేవాడైతే అరవొచ్చు, వీధిలో నలుగురికి చెప్పుకోవచ్చు. నా మొగుడు నన్ను చూడడు అని ఎవరికి చెప్పుకోవాలి? చూడకపోతే ఏమైందే, అన్నం పెడుతున్నాడు కదా అంటారు. మంగళవారం దాకా ఆమె బియ్యం ఏరుతున్నా, పిడకలు తెస్తున్నా చక్రం గురించే ఆలోచించింది. తాడు నయం. తాడు అప్పుడప్పుడూ తెగుతుంది. అతను కొత్త తాడు పేనేదాకా భుజానికి కాస్త సెలవు దొరుకుతుంది. ఇనుము తెగదు, అరగదు. చక్రం ఒకసారి ఇంట్లోకి వస్తే తను పోయేదాకా ఉంటుంది. తను పోయాక ఇంకెవరినైనా తెచ్చుకుంటారు గాని చక్రాన్ని మార్చరు. కాలిదైతే? కాలిదైతే ఎవరి పని వాళ్ళది. అంతదాకా వచ్చి ఆమె ఆలోచన ఆగిపోయేది, అవతల ఏముందో చూడటానికి భయమేసినట్టు.

"దాన్నీ తీస్కెళ్ళు. బెండు సంగతి దానికే తెలుసు" అంది అచ్చియ్యమ్మ కొడుకుతో.

"తీస్కెళ్ళాలి కదా. సక్రం దాని ఎత్తుకి సరిపోద్దో నేదో సూడాలి" అన్నాడు ఏసుపాదం. కాడికి ఎద్దును చూసుకుంటారు, అలాగ.

మంగళవారం పొద్దున బస్సెక్కి ఇద్దరూ అనకాపల్లి వెళ్ళారు. కరుణమ్మ ఒళ్ళో బెండు బిళ్ళలు ఎక్కించిన మూడు చువ్వలు, గరుకు కాగితం, మొగలాకు. కొట్టు వెనక పెరట్లో తుప్పు వాసన. శ్యామ్ సుందర్ అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గణపతిరావు గోనెలు తీసి రెండు లేతులూ చూపించాడు.

ముందు చక్రాన్నే చూశారు. అది కరుణమ్మ తల కంటే ఎత్తుంది. దాని పిడి కింద ఉన్నప్పుడు మోకాళ్ళ దగ్గర, పైకి వచ్చినప్పుడు నుదుటి దగ్గర ఉంటుంది. ఏసుపాదం చువ్వ బిగించి గరుకు కాగితం పట్టుకుని, "ఊఁ, తిప్పు" అన్నాడు. పిడి పైకి వెళ్ళిన ప్రతిసారీ ఆమె మునివేళ్ళ మీద లేచి, కుడి చేతిని ఎడమ చేత్తో తోసుకుని తిప్పింది. భుజంలో సూదులు దిగుతున్నాయి. బెండు మాత్రం చక్కగా నున్నబడింది. "సూసేరా, ఎలగొస్తందో" అని ఏసుపాదం మురిసిపోయాడు. అతని కళ్ళు బెండు మీదనుంచి ఎత్తలేదు.

తర్వాత కాలి దాని దగ్గరికి వెళ్ళాడు. కూర్చుని పని చెయ్యడం అలవాటైన మనిషి, నిలబడి తొక్కుతూ చెయ్యాలంటే కాలూ చెయ్యీ కలవలేదు. కాలు చూసుకుంటే చెయ్యి ఆగింది, చెయ్యి చూసుకుంటే కాలు తప్పింది. చక్రం ఒక్కసారి వెనక్కి తిరిగి బెండు పెచ్చులేచింది. "ఇది పనికిరాదండి. బెండుని పీకేస్తంది" అని దిగిపోయాడు. కాలు తప్పిందని అతనికి తోచలేదు, మిషను మంచిది కాదనే తోచింది.

"అయితే చక్రందే ఖాయం చేసుకోండి" అన్నాడు గణపతిరావు. "దానికి తిప్పే మనిషిని పెట్టుకోవాలి మరి. మీ ఊళ్ళో దొరుకుతారా?"

"మనిషెందుకండి" అన్నాడు ఏసుపాదం. "మా ఇంటిదుంది కదా."

ఇలాంటి మాట కరుణమ్మ కొత్తగా వినడం లేదు. కాని ఈ రోజు పరాయివాళ్ళ పెరట్లో, పనికిరాని ఇనుము మధ్య నిలబడి వింటోంది. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకోవడమే అని ఆమెకు స్పష్టంగా తెలిసింది.

"నేను తిప్పనండి" అంది గణపతిరావుతో. మొగుడితో అనడం కంటే ఆయనతో అనడం ఆమెకు తేలికైంది.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఏసుపాదం "ఏటే?" అన్నాడు.

కరుణమ్మ కుడి చెయ్యి పైకెత్తింది. అది భుజం దాకా లేచి ఆగిపోయింది. ఇంకా ఎత్తాలని చూసింది, మొహం చిట్లింది, చెయ్యి మాత్రం అక్కడే ఉంది. "ఇంతేనండి లేస్తాది. రెండేళ్ళయింది" అంది.  ఏసుపాదం ఆ చేతిని చూస్తున్నాడు. 

ఆమె మిగిలిన చువ్వ తీసుకుని కాలి లేతు దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పుడు మిషనరీల బోర్డింగు బడిలో ఆడపిల్లలందరికీ దొరసాని కుట్టు మిషను తొక్కడం నేర్పించింది. కాలు ఒకే తీరుగా ఆడాలనీ, చక్రం వెనక్కి తిరిగితే దారం తెగి, శిక్షగా ఆ రోజంతా నిలబడాలనీ ఆ కాలికి ఇంకా గుర్తుంది. చువ్వ బిగించి తొక్కింది. చక్రం అందుకుంది. మోచేతిని పక్కటెముకలకు ఆనించి గరుకు కాగితం పట్టుకుంది. ఈ పనిలో చెయ్యి భుజం పైకి ఎత్తాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. బెండు పొడి పసుపులా రాలుతుంటే ఆమెకు కడుపులోంచి ఒక సంతోషం పైకి వచ్చింది. ఎవరూ లాగడం లేదు. తనే తిప్పుతోంది, తనే చేస్తోంది.

పిడి నున్నబడ్డాక శ్యామ్ సుందర్ లేచి వచ్చి చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళు మూసుకుని తడిమాడు. "ఆ మొదటి పిడి కూడా నువ్వు చేసిందేనా అమ్మా?"

ఆమె మొగుడి వంక చూసింది. ఏసుపాదం నేల చూపులు చూస్తూ, "అదే సేసిందండి. అప్పుడు నేను కోటపాడెళ్ళేను" అన్నాడు. ఆ మాట చెప్పడానికి అతనికి కష్టమైంది. అయినా చెప్పాడు.

"అయితే ఇంకేం ఆలోచన? ఈ కాలిదే బండికెక్కించండి గణపతిరావు గారూ" అన్నాడు శ్యామ్ సుందర్.

కూలీలు వచ్చి లేతు కాళ్ళకు తాళ్ళు కడుతుంటే ఏసుపాదం భార్య పక్కకు వచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. సంతలో దారి తప్పినవాడిలా ఉన్నాడు.

"మరి నా మంచం కోళ్ళెలాగే? తాడెవురు లాగుతారు?"

"కూలికి మనిషిని పెట్టుకో మావా" అంది కరుణమ్మ. "సాయంత్రానికి భుజం నొప్పెడతందంటాడు. ఆడి మాటైనా నమ్ము."